ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) అసలు మార్కుల కోసమే కాదట! పై నుంచి వచ్చే పద్ధతులు మన తరగతికి చేరేసరికి ఎందుకిలా అవుతున్నాయి?

లెక్కల_సారు_జగిత్యాల:

జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మొన్న చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసే కాంప్లెక్స్ సమావేశంలో ఎఫ్‌ఏ మార్కులు ఎవరెవరు ఎక్కించలేదని లిస్టు చదువుతుంటే పక్కనున్న సారు ఊరుకోలేక "వీటితో పిల్లలకు ఒరిగేదేముంది" అన్నాడు. దానికి రిసోర్స్ పర్సన్ "ఇది విదేశాల్లో పరిశోధించి, పనిచేస్తుందని తేలాకే మనదాకా వచ్చింది" అన్నారు. ఏ దేశంలో, ఎవరు, ఏం తేల్చారని నేనడిగితే జవాబు లేదు. ఆయన తప్పేం కాదు, ఆయనకిచ్చిన స్లైడ్లలో అంతే ఉంది.

ఇంటికొచ్చి వెతికాను. లండన్ కింగ్స్ కాలేజీలో పాల్ బ్లాక్, డిలన్ విలియం అనే ఇద్దరు 1998లో దాదాపు 250 అధ్యయనాలు ముందేసుకుని ఒక సమీక్ష రాశారు, దీని గురించి దేశదేశాల్లో మాట్లాడుకోవడం అప్పటి నుంచే ఎక్కువైంది. వాళ్ళు చెప్పింది సూటిగా ఇదీ: పాఠం నడుస్తుండగానే పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో టీచర్ పట్టుకోవాలి, పట్టుకుని తర్వాత చెప్పబోయేది మార్చుకోవాలి. మార్చుకోకపోతే అది ఫార్మేటివ్ కానే కాదు. మార్కుల సంగతైతే ఇంకా విచిత్రం. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ చేసిన అధ్యయనం ఒకటుంది, 1988లో అచ్చయింది. కొందరు పిల్లలకు మార్కులే ఇచ్చారు, కొందరికి ఏం బాగుంది, ఏం సరిచేసుకోవాలి అని రాసిచ్చారు, ఇంకో గుంపుకు రెండూ ఇచ్చారు. రాసిచ్చిన పిల్లలే ముందుకెళ్ళారు. రెండూ అందుకున్నవాళ్ళు మార్కులే అందుకున్నవాళ్ళ దగ్గరే ఆగిపోయారు. మా పిల్లలను చూస్తే నాకు ఆశ్చర్యం అనిపించలేదు, మార్కు కనపడ్డాక కింద రాసింది చదివేదెవరు?

మరి మన దగ్గర? భాగస్వామ్యం–ప్రతిస్పందనలకు 5, రాత పనికి 5, ప్రాజెక్టు పనికి 5, స్లిప్ టెస్టుకు 5. పదో తరగతిలో ఈ 20 వెళ్ళి పబ్లిక్ పరీక్ష 80కి కలవడం 2014–15 నుంచి నడుస్తోంది కాబట్టి 18కి తక్కువ వేసే ధైర్యం ఎవరికీ లేదు, వేస్తే పక్క బడి పిల్లలకంటే మన పిల్లలు వెనకబడతారు. ప్రాజెక్టు నెట్ సెంటర్లో ప్రింటై వస్తుంది, నలభై మందివీ ఒకేలా ఉంటాయి.

అంటే ఆ పరిశోధన ఏది వద్దన్నదో సరిగ్గా అదే మనం చేస్తున్నాం, పైగా ఆ పరిశోధన పేరు చెప్పుకుని. ఇది దారిలో ఎక్కడ తిరగబడింది? మన దగ్గర ఇది పనిచేసిందా లేదా అని ఎవరైనా కొలిచారా? అన్నీ అటు నుంచి ఇటు రావడమేనా, మన తరగతుల్లో పుట్టి బయటికెళ్ళింది ఏదైనా ఉందా? ప్రభుత్వాన్ని తిట్టే పోస్టులు వద్దు, అవి మాకు వాట్సాప్‌లో చాలినన్ని ఉన్నాయి.

---

శిరీష_లీడ్స్:

సార్, నేను ఇక్కడ ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేస్తున్నాను, తెలిసినంత చెప్తాను.

ఫార్మేటివ్ అన్న మాట 1998 కంటే పాతది. 1967లో మైకేల్ స్క్రివెన్ అనే ఆయన పాఠ్యప్రణాళికలను ఎలా బేరీజు వేయాలో రాస్తూ వాడారు, పిల్లల చదువుకు దాన్ని వర్తింపజేసింది బెంజమిన్ బ్లూమ్. ఇద్దరూ అమెరికాలో ఉన్నవాళ్ళే. బ్లాక్, విలియం దాన్ని తరగతి గదిలోకి దించారు. అయితే మీరు "వాళ్ళ దగ్గర సవ్యంగా ఉండి ఇక్కడికొచ్చాక చెడింది" అనుకుంటున్నట్టున్నారు, అలా కాదు. ఇంగ్లండ్‌లోనే చెడింది. ప్రభుత్వం దీన్ని నెత్తికెత్తుకుని 2008లో జాతీయ వ్యూహం అని ప్రకటించింది. అప్పటికే బడుల్లో పిల్లలకు 4ఏ, 4బీ, 4సీ అని ఉప స్థాయిలు కట్టి కొన్ని వారాలకోసారి కంప్యూటర్లోకి ఎక్కించే పని నడుస్తుండేది, ఆ లెక్కల పనినే చాలా బడులు ఫార్మేటివ్ అసెస్‌మెంట్ అనుకున్నాయి. ఆ స్థాయిల పద్ధతిని 2014లో ఎత్తేశారు. మీ 20 మార్కుల రిజిస్టర్‌కు ఇక్కడా అన్నదమ్ములున్నారన్నమాట.

మన దేశంలోకి వచ్చిన దారి వేరు. విద్యాహక్కు చట్టం, 2009, సెక్షన్ 29లో నిరంతర సమగ్ర మూల్యాంకనం అని రాశారు. చట్టంలో రాశారు గనక ప్రతి రాష్ట్రమూ అమలు చేశామని చూపించాలి. చూపించాలంటే కాగితం కావాలి. టీచర్ పాఠం మధ్యలో ఆగి, పిల్లవాడి మొహం చూసి, ఇంకో ఉదాహరణ చెప్పాడనుకోండి, దాన్ని ఏ గడిలో నింపుతారు? 5కి 4 అయితే గడిలో పడుతుంది. నా ఉద్దేశంలో మీరడిగిన తిరగబడిన చోటు అదే. అందులో చెడ్డవాళ్ళెవరూ లేరు, పై ఆఫీసుకు కనపడేది ఏదో అదే కింద మిగులుతుంది. సీబీఎస్‌ఈ కూడా 2009లో మొదలుపెట్టి 2017లో వెనక్కి తీసుకుంది.

కొలిచారా అన్నారు, కొలిచారు. హరియాణాలో 2012–13లో ప్రభుత్వ బడుల్ని లాటరీ మీద విడగొట్టి చూశారు. నిరంతర మూల్యాంకనం పెట్టిన బడులకూ పెట్టని బడులకూ పిల్లల చదువులో తేడా రాలేదు. అదే ప్రయోగంలో ఇంకో కార్యక్రమం కూడా ఉంది. రోజులో కొంత సమయం పక్కనపెట్టి, పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. దానివల్ల హిందీ చదవడం మెరుగుపడింది. రెండూ మూల్యాంకనంతోనే మొదలవుతాయి, చూడండి. స్థాయిని బట్టి చెప్పినదాంట్లో పరీక్ష పెట్టాక ఏం చేయాలో ఉంది, నిరంతర మూల్యాంకనంలో రిపోర్టు ఉంది.

ఇంకా దగ్గరిది కావాలంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి ఐదు జిల్లాల్లో పెద్ద ప్రయోగాలు నడిపారు. అందులో ఒకటి, 100 బడుల టీచర్లకు వాళ్ళ పిల్లలు ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో వివరంగా రిపోర్టు ఇవ్వడం. పరిశీలకులు వెళ్ళినప్పుడు ఆ టీచర్లు మిగతావాళ్ళకంటే హుషారుగా పాఠం చెప్తూ కనిపించారు. ఏడాది చివర పరీక్ష పెడితే పిల్లల్లో ఏ తేడా లేదు. 2010లో అచ్చయిన పేపర్ ఇది, అంటే పదో తరగతిలో 20 మార్కులు పెట్టడానికి నాలుగేళ్ళ ముందు, మన తెలుగు బడుల గురించే. మీ స్లైడ్లలో విదేశాల ప్రస్తావన ఉంది గానీ ఇది లేదు, నాకు బాధనిపించేది అక్కడే.

---

రిటైర్డ్_హెచ్‌ఎం_తణుకు:

బాబూ, మీరంతా 1998 నుంచి మొదలుపెట్టారు. నేను ఇంకా వెనక్కి వెళ్తాను.

మాకు ఏపీపెప్ అని వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు. డబ్బు బ్రిటన్ ప్రభుత్వానిది. 80ల మధ్యలో కొన్ని జిల్లాల్లో చిన్నగా మొదలై 1989 నుంచి రాష్ట్రమంతా పాకింది. తరగతి గదులు కట్టారు, అది మంచి పనే, అప్పటిదాకా మా ఊళ్ళో రెండు తరగతులు రావిచెట్టు కిందే. దాంతోపాటు ఆరు సూత్రాలు ఇచ్చారు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, జట్లుగానూ ఒంటరిగానూ పనిచేయాలి, చుట్టుపక్కల పరిసరాలను పాఠంలోకి తేవాలి, ఒక్కో పిల్లవాడి తేడాను గమనించాలి, పిల్లలు చేసిన వాటిని గదిలో ప్రదర్శించాలి, ఇలా. ఇవన్నీ ఇంగ్లండ్‌లో 1967లో వచ్చిన ప్లౌడెన్ నివేదిక నాటి వాసన ఉన్న ఆలోచనలని తర్వాతెప్పుడో చదివాను. తమాషా ఏంటంటే మాకు ఇవి నేర్పుతున్న రోజుల్లోనే ఇంగ్లండ్‌లో 1988 చట్టం తెచ్చి జాతీయ పాఠ్యప్రణాళిక, దేశమంతటికీ ఒకే పరీక్షలు అని అటు తిరిగారు. వాళ్ళు అక్కడ బిగిస్తున్నది మాకిక్కడ వదులు చేయమన్నారు!

శిక్షణ మాత్రం బాగా ఇచ్చారు, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత తరగతుల్లో జరిగిందేంటంటే, ఇన్స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళకు కంటికి ఆనేది ప్రదర్శన ఒక్కటే. కాబట్టి గదిలో అటు నుంచి ఇటు తాడు కట్టి చార్టులు వేలాడదీశాం. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టాం, గుండ్రంగా కూర్చునే బోర్డు మీది జవాబులు ఎక్కించుకున్నారు, సగంమందికి మెడ నొప్పి అదనం. కొన్ని బడుల్లో ఆ చార్టులు టీచర్లు గీసినవే, కిందకి దించితే పాడవుతాయని పిల్లల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు దీని ఫలితాలు మదింపు చేయడానికి వచ్చారు, ఆ అనుభవం మీద అక్కడి పత్రికల్లో వ్యాసాలు కూడా రాశారు. అంటే మా తరగతులు వాళ్ళకు పరిశోధన అయ్యాయి, మాకు మాత్రం ఆ వ్యాసాలు ఎవరూ పంపలేదు.

కానీ ఒక్కటి చెప్పాలి. ఉపాధ్యాయ కేంద్రాలని పెట్టారు, చుట్టుపక్కల బడుల వాళ్ళం కలిసేవాళ్ళం. ఒకరు పాఠం చెప్తే మిగతావాళ్ళు చూసి, ఆ తర్వాత మొహమాటం లేకుండా మాట్లాడుకునేవాళ్ళం. భిన్నాలకు కాగితాలు మడతపెట్టి చెప్పడం నేను అక్కడే ఒక పక్క ఊరి టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను, రిటైరయ్యేదాకా అలాగే చెప్పాను. ఆ ఆరు సూత్రాల చార్టు ఎప్పుడు చిరిగిపోయిందో కూడా గుర్తులేదు. ఇప్పుడు మీ సమావేశాల్లో అప్‌లోడ్ చేయనివాళ్ళ లిస్టు చదువుతున్నారంటే, ఆ సమయం పాఠాల మీద పెట్టాల్సింది పోయిందన్నమాట.

---

మూడో_బెంచి:

ఇవన్నీ సర్కారు బళ్ళ కష్టాలు. మా అబ్బాయి చదివే ప్రైవేటు స్కూల్లో ఏకంగా "ఫిన్లాండ్ పద్ధతి" అని బోర్డు పెట్టి ఫీజు పెంచారు. ఫిన్లాండ్‌లో ఫీజే ఉండదట కదా? మా వాడికి ఒకటో తరగతిలో వారానికి రెండు టెస్టులు 😀

---

శిరీష_లీడ్స్:

@మూడో_బెంచి ఫీజు ఉండదు, బడిలో ఏడేళ్ళకు చేరతారు, చిన్న తరగతుల్లో దేశమంతటికీ ఒకే పరీక్ష అనేదీ లేదు. 2001లో పీసా అనే, పదిహేనేళ్ళ పిల్లలకు దేశదేశాల్లో పెట్టే పరీక్ష మొదటి ఫలితాలు వచ్చాక ప్రపంచం నలుమూలల నుంచి విద్యాశాఖల వాళ్ళు ఫిన్లాండ్ విమానం ఎక్కారు. చూసొచ్చిందేమో గోడల రంగులు, ఆటస్థలాలు, హోంవర్క్ తక్కువ. అక్కడ 70లలోనే టీచర్ శిక్షణను యూనివర్సిటీలకు మార్చి, తర్వాత మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి చేశారు. అది కళ్ళకు కనిపించేది కాదు, ఒక ఎన్నికల కాలంలో అయ్యేదీ కాదు. మరో సంగతి, ఆ ఫిన్లాండ్ లెక్కల స్కోరే 2006లో 548 ఉన్నది 2022కి 484కి దిగింది. బోర్డు మార్చమని మీ ప్రిన్సిపాల్‌కి చెప్పండి.

మన దేశం కూడా ఆ పీసా పరీక్ష రాసింది. 2009 విడతలో హిమాచల్, తమిళనాడు పాల్గొని పట్టిక అడుగున తేలాయి. ప్రశ్నలు మన పిల్లల పరిసరాలకు తగినవి కావని చెప్పి ఆ తర్వాతి విడతలకు దూరంగా ఉండిపోయాం.

---

ఒంగోలు_టీచరమ్మ:

నేను ఎస్జీటీని, అంటే ప్రాథమిక బడి టీచర్ని, ఒకటి రెండు తరగతులు చూస్తాను. ఎఫ్‌ఏ గొడవ హైస్కూలు వాళ్ళది ఎక్కువ, మాకు ఎఫ్‌ఎల్‌ఎన్ గొడవ, అంటే చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు పునాదిగా రావాలనేది. దీనికోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ వచ్చాక (2021) రెండో తరగతి చివరికి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతిలో కనీసం 60 పదాలు చదవాలని లక్ష్యం. నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చుంటాను. నా సందేహం, ఈ నిమిషానికిన్ని పదాలు అనే లెక్క తెలుగు పిల్లల్ని చూసి కట్టిందేనా? "వెళ్ళిపోతున్నాడనుకున్నాను" అని చదివితే మా పిల్లకు ఒక పదం కిందే లెక్క. ఇంగ్లీషులో అదే సంగతి చెప్పడానికి ఐదు పదాలు పడతాయి, ఒక్కోటీ చిట్టిది. అందులో మా పిల్ల మూడు ద్విత్వాలు దాటుకుని రావాలి. వేగం తక్కువని ఆ పిల్ల పేరు ఎర్రగీత కింద పడుతోంది, అర్థం అడిగితే మాత్రం టకటకా చెప్తుంది. ఇంకో పిల్లాడు రైలులా చదివేస్తాడు, ఏం చదివావురా అంటే నవ్వుతాడు.

---

శిరీష_లీడ్స్:

మేడం, మీ సందేహం చాలా సరైనది, దీని ప్రయాణం కూడా చెప్పుకోదగిందే. అమెరికాలో ఓరెగాన్ యూనివర్సిటీ వాళ్ళు చిన్నపిల్లల ఇంగ్లీషు చదువును నిమిషం పరీక్షలతో చూసే పద్ధతి తయారుచేశారు, డిబెల్స్ అంటారు. దాని నమూనాలోనే 2006లో అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ డబ్బుతో ఆర్‌టీఐ అనే సంస్థ ఇగ్రా అనే పరీక్ష కట్టింది. మొదట సెనెగల్, గాంబియాల్లో వాడి చూశారు, తర్వాత డజన్లకొద్దీ దేశాలకు, భాషలకు పాకింది. దానివల్ల మేలు జరగలేదని అనను. అంతకుముందు చాలా దేశాల్లో "పిల్లలు బడికొస్తున్నారు" అన్న లెక్కే ఉండేది, నాలుగేళ్ళు బడికొచ్చినా ఒక్క వాక్యం చదవలేని పిల్లలు ఎంతమందో ఇది బయటపెట్టింది.

కానీ పరీక్షతో పాటు అంకె కూడా ప్రయాణం చేసింది. ఒక భాషలో ఇంత వేగం ఉంటే అర్థం చేసుకోగలరన్నది ఇంకో భాషకు అలాగే వర్తించదని పరిశోధకులే మొదటి నుంచీ అంటున్నారు. మన దగ్గరా ఎన్‌సీఈఆర్‌టీ 2022లో మూడో తరగతి పిల్లల మీద 20 భాషల్లో అధ్యయనం చేసి, ఒక్కో భాషకు విడిగా ప్రమాణాలు కట్టింది. అంటే మీరడిగిన ప్రశ్న పైవాళ్ళకూ తట్టింది, పని కూడా చేశారు. మీ చేతికొచ్చిన ఫారంలో మాత్రం పాత అంకే ఉండి ఉంటుంది. అంకె మన దాకా రావడానికి పట్టిన సమయం కంటే దాని దిద్దుబాటు కిందికి దిగడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఎందుకంటే దిద్దుబాటుకు ప్రారంభోత్సవం ఉండదు.

---

లెక్కల_సారు_జగిత్యాల:

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. మా దగ్గర 2022 నుంచి ప్రాథమిక బడుల్లో చదవడం, లెక్కలు పునాది నుంచి నేర్పే తొలిమెట్టు కార్యక్రమం నడుస్తోంది, అందులోనూ స్థాయిని బట్టి పిల్లల్ని చూడమనే మాట ఉంది. శిరీష గారు చెప్పిన హరియాణా సంగతి చదివాక అడగాలనిపించింది, అక్కడ పనిచేసింది మిగతాచోట్ల కూడా పనిచేసిందా? ఎందుకంటే మాకు "ఫలానా రాష్ట్రంలో విజయవంతం" అన్న మాట కూడా "విదేశాల్లో తేలింది" లాగే వినపడుతుంది.

---

పాత_కార్యకర్త:

దీనికి నేను చెప్పగలను. కొన్నేళ్ళు ఈ రంగంలో స్వచ్ఛంద సంస్థల్లో పనిచేశాను, ఇప్పుడు వేరే ఉద్యోగం.

స్థాయిని బట్టి బోధన ముంబై బస్తీల్లో ప్రథమ్ సంస్థ పనిలోంచి పుట్టింది. ముంబై, వడోదరల్లో స్థానిక అమ్మాయిలు వెనకబడిన పిల్లలకు విడిగా చెప్పే బాలసఖి కార్యక్రమాన్ని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వాళ్ళ బృందం కొలిచింది, లాభం కనిపించింది. అక్కడితో ఆగి ప్రచారం చేసుకుని ఉంటే మీ అనుమానం నూటికి నూరుపాళ్ళూ నిజమయ్యేది. తర్వాత జరిగింది నాకు నచ్చుతుంది. ఇదే పద్ధతిని బిహార్‌లాంటి చోట్ల ప్రభుత్వ టీచర్లకు శిక్షణ ఇచ్చి, పుస్తకాలు ఇచ్చి వదిలేస్తే మామూలు బడి రోజుల్లో పెద్దగా ఏమీ జరగలేదు. అదే బిహార్‌లో వేసవి సెలవుల్లో అదే టీచర్లు క్యాంపు పెట్టి చెప్తే పిల్లలు ముందుకెళ్ళారు. అంటే టీచర్లకు రాక కాదు. బడి రోజున సిలబస్ పూర్తి చేయమంటారు, నాలుగో తరగతి పిల్లవాడికి గుణింతాలు చెప్తూ కూర్చుంటే "పాఠం ఎక్కడుంది" అని అడుగుతారు.

అందుకని హరియాణాలో రెండు పనులు చేశారు. బడి సమయంలోనే దీనికంటూ విడిగా ఒక గంట, ఆ గంటలో సిలబస్ ఊసెత్తకూడదు. రెండోది, బడులు తిరిగి చూసే మన సీఆర్‌పీల్లాంటి (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) వాళ్ళుంటారు కదా, బ్లాక్ రిసోర్స్ కోఆర్డినేటర్లు, వాళ్ళు ముందు తామే రెండు మూడు వారాలు పిల్లలకు ఈ పద్ధతిలో చెప్పి, ఆ తర్వాతే టీచర్లకు నేర్పారు. ఫారాలు వసూలు చేసుకునే మనిషి కాస్తా పాఠం చెప్పి చూపించే మనిషయ్యాడు. అదే అసలు కిటుకని నా నమ్మకం. ఇది తర్వాత ఆఫ్రికాకు వెళ్ళింది, జాంబియాలో "క్యాచప్" పేరుతో ప్రభుత్వమే నడుపుతోంది, అక్కడ కూడా విడిగా సమయం కేటాయించారు, పర్యవేక్షకులతో పాఠాలు చెప్పించారు. కాబట్టి మన దేశం నుంచి బయటికెళ్ళింది ఏదైనా ఉందా అన్న మీ ప్రశ్నకు ఇదొక జవాబు. 2019లో బెనర్జీ, డుఫ్లో, క్రెమర్‌లకు వచ్చిన నోబెల్ వెనక ముంబై బస్తీ అమ్మాయిలు నడిపిన ఈ తరగతుల పాత్ర కూడా ఉంది.

ఉల్టా ఉదాహరణ కూడా చెప్తాను. కెన్యాలో కాంట్రాక్టు టీచర్లను పెడితే పిల్లల చదువు బాగుపడిందని ఒక ప్రయోగంలో తేలింది. ప్రభుత్వం దాన్ని దేశమంతా చేద్దామనుకుంది. అప్పుడు కొందరు పరిశోధకులు తెలివిగా కొన్ని బడుల్లో స్వచ్ఛంద సంస్థ చేత, కొన్నింటిలో ప్రభుత్వ శాఖ చేత అదే పని చేయించి పోల్చారు. సంస్థ నడిపిన చోట లాభం, శాఖ నడిపిన చోట సున్నా. పేపర్ మీద రెండూ ఒకటే కార్యక్రమం. ఎవరైనా "ఫలానా చోట పనిచేసింది" అంటే నేను వెంటనే అడిగేది, ఎవరు నడిపారు, ఆ సమయంలో టీచర్లను ఇంకే పని చేయొద్దన్నారు, అని.

---

మదనపల్లె_నుంచి:

ఇంతసేపూ ఎవరూ రిషివ్యాలీ బడి పేరు ఎత్తకపోవడం అన్యాయం. జగిత్యాల సారు అడిగిన "మన తరగతుల్లో పుట్టినది" తెలుగు నేల మీదే ఉంది, మా ఊరి పక్కనే.

పెద్ద బడి సంగతి కాదు నేను చెప్పేది, దాని గ్రామీణ విద్యా కేంద్రం సంగతి. చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరే ఉండే చిన్న బడులు నడపడానికి రామ, పద్మనాభరావు దంపతులు 80ల చివర్లో మొదలుపెట్టి ఒక పద్ధతి కట్టారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డులు చేశారు. గోడ మీద నిచ్చెన లాంటి పటం ఉంటుంది, ఒక్కో రకం కార్డుకు ఒక్కో బొమ్మ గుర్తు. పిల్ల తన మెట్టు తానే చూసుకుని, కార్డు తానే తీసుకుని పని మొదలుపెడుతుంది. వారం రోజులు కోతలకు వెళ్ళి వచ్చినా ఎక్కడ వదిలిందో అక్కడి నుంచే ఎత్తుకుంటుంది, "నీ పాఠం అయిపోయింది" అనేవాళ్ళుండరు. ప్రతి మెట్టు చివర పరీక్ష కార్డు ఉంటుంది. రాకపోతే అదే మెట్టులో ఇంకో కార్డు, వస్తే పై మెట్టు. సార్, మీరు చెప్పిన లండన్ వాళ్ళ 1998 మాట ఇందులో కనిపించడం లేదూ?

1995లో మైసూరు దగ్గర హెగ్గడదేవనకోటె టీచర్లు వచ్చి ఇది చూసి, యునిసెఫ్ సాయంతో తమ కార్డులు తామే రాసుకున్నారు. అదే నలి-కలి, తర్వాత కర్ణాటక అంతా వెళ్ళింది. చెన్నై కార్పొరేషన్ 2003లో కొన్ని బడుల్లో మొదలుపెట్టింది, 2007–08కల్లా తమిళనాడు ప్రభుత్వ బడులన్నింటికీ పాకింది. జర్మనీలో రీగెన్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్ళు ఇక్కడికి విద్యార్థులను పంపి నేర్చుకుని అక్కడి బడుల్లో వాడుతున్నారు. ఒకే గదిలో వేర్వేరు స్థాయిల పిల్లలుండటం వాళ్ళకూ సమస్యే మరి.

ఇక్కడా పాత కార్యకర్త గారి మాటే నిజమైంది. మైసూరు టీచర్లు కార్డులు సొంతంగా రాసుకున్నప్పుడు వాళ్ళకు ప్రతి కార్డూ ఎందుకుందో తెలుసు. రాష్ట్రమంతా పెట్టేసరికి కార్డులు అచ్చయి డబ్బాల్లో వచ్చాయి. అవి నిచ్చెన వరసలో తిప్పడమే పని అయిన బడులూ తయారయ్యాయి.

---

లెక్కల_సారు_జగిత్యాల:

చాలా తెలిసింది. నాకు అర్థమైన మేరకు పైవాళ్ళను మార్చడం నా చేతిలో లేదు, 20 మార్కులు ఎక్కించక తప్పదు. ఎఫ్‌ఏ-3 నుంచి ఎనిమిదో తరగతిలో ఒక ప్రయత్నం చేద్దామనుకుంటున్నా. నోటు పుస్తకాల్లో మార్కు వేయను, ఎక్కడ తప్పిందో ఒక లైను రాస్తాను, దిద్దుకుని తెచ్చాకే మార్కు రిజిస్టర్లో పడుతుంది, పిల్లలకు చూపించను. మొత్తం నలభై ఆరు మంది. హెచ్‌ఎం గారూ, నలభై ఆరు పుస్తకాలకు రోజూ రాయడం కుదిరే పనేనా? మీరైతే ఎలా చేసేవారు?

---

రిటైర్డ్_హెచ్‌ఎం_తణుకు:

రోజూ కుదరదు, కుదురుతుందని చెప్పే ట్రైనర్‌ను నమ్మకండి. రోజుకు పది పుస్తకాలు తీసుకోండి, వారంలో అందరివీ వస్తాయి. మిగతావాళ్ళ కోసం ఒకే లెక్క ఇచ్చి గదిలో తిరగండి, ఎక్కువమంది ఎక్కడ తప్పారో రెండు మూడు రకాలకు మించి ఉండవు, ఆ తప్పులనే పేర్లు లేకుండా బోర్డు మీద వేసి పిల్లలనే దిద్దమనండి. మార్కు ఎంత అని మొదటి రెండు వారాలు తెగ అడుగుతారు, తల్లిదండ్రులు కూడా వస్తారు. వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మీరు దిద్దడం మానేశారని మీ మీదే పైకి ఫిర్యాదు వెళ్తుంది.

ఎనిమిదిలో బీజగణితం మొదలయ్యే చోట పెట్టుకోండి, మైనస్ గుర్తు దగ్గర మీకు కావలసినంత పని దొరుకుతుంది.